నల్ల ముసుగుల వెనక నవ్వులు!

ఓ అట్టపెట్టె, రెండు రంగు డబ్బాలు, నాలుగు గజాల నల్లగుడ్డ, సాయానికి ఇంటిల్లిపాదీ... జపాన్‌లో టీవీలో కనిపించడానికి ఇవి చాలు. పాట రానక్కర్లేదు, ఆట రానక్కర్లేదు, నటన అసలే అక్కర్లేదు. మామూలు మనుషులు ఇంట్లో తయారుచేసుకున్న వేషాలతో నాలుగు దశాబ్దాలకు పైగా నవ్వులు పూయించిన ఆ కార్యక్రమం పేరు 'కసో తైషో'. కసో అంటే మారువేషం, తైషో అంటే మహా బహుమతి. ఆ నవ్వు ఎక్కడ పుట్టిందో చూడాలంటే టోక్యోలో ఓ సబ్‌వే రైలెక్కాలి. దాని పేరు అసాకుసా లైను. పదండి, మనమూ ఎక్కేద్దాం!

లిఫ్ట్ కుర్రాడు... పిరికి కుర్రాడు

2000ల్లో పిల్లలున్న ఇళ్లలో 'తకేషీస్ క్యాజిల్' చూడనివాళ్లు తక్కువే. పోగో ఛానల్లో జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో వచ్చేది. వందమంది దాకా జనం హెల్మెట్లు పెట్టుకుని పరుగెత్తడం, రాళ్ల మీద కాలు జారి నీళ్లలోనో బురదలోనో పడటం, ఇక్కడ మనం తాతయ్యతో సహా పడీపడీ నవ్వడం! జపాన్‌లో 1986లో మొదలైన ఆ ఆటలో కోటకు ప్రభువుగా కూర్చున్న తకేషి కితానో తర్వాత ప్రపంచం మెచ్చిన దర్శకుడయ్యారు. 1997లో ఆయన సినిమా 'హనా-బి'కి వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ వచ్చింది. అలాంటి తకేషి 1972లో చేసిన పనేంటో తెలుసా? అసాకుసాలో ఓ థియేటర్లో లిఫ్ట్ బాయ్!

అంతకు పదేళ్లకు పైగా ముందు అదే భవనంలోకి మరో కుర్రాడు పని వెతుక్కుంటూ వచ్చాడు. పేరు కినిచి హగిమోతో. వేదిక ఎక్కితే చాలు, చెమటలు పట్టేవి. జపాన్ మొత్తం ముద్దుగా 'కిన్-చాన్' అని పిలుచుకునే హాస్యనటుడు అతడే అవుతాడని అప్పుడెవరూ అనుకోలేదు. 'చాన్' అంటే మనం 'బుజ్జి' అనో 'చిన్ని' అనో చేర్చినట్టన్నమాట. జనాన్ని బురదలో పడేసి నవ్వించడం తకేషి దారి. అదే జనాన్ని పడకుండా నిలబెట్టి నవ్వించడం కిన్-చాన్ దారి. రెండూ ఒకే గుమ్మంలోంచి మొదలయ్యాయి.

ఉరుముల ద్వారం దాటితే...

నరిత, హనెదా... ఈ రెండింట్లో ఏ విమానాశ్రయంలో దిగినా అసాకుసాకు నేరుగా వెళ్లే రైళ్లున్నాయి. స్టేషన్ బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే ముందు కనిపించేది 'కమినారిమోన్', అంటే ఉరుముల ద్వారం. దాని నడుమ వేలాడే ఎర్రటి కాగితపు లాంతరు ఎత్తు 3.9 మీటర్లు, బరువు దాదాపు 700 కిలోలు. తుపాను వస్తోందంటే దాన్ని గొడుగులా పైకి మడిచేస్తారు. ఇప్పుడున్న ద్వారాన్ని 1960లో కట్టించింది పానాసోనిక్ సంస్థ స్థాపకుడు కొనొసుకె మత్సుషితా.

అక్కడి నుంచి గుడి దాకా పావు కిలోమీటరు పొడవున 'నకమిసె' వీధి. అటూ ఇటూ 90 దాకా చిన్న చిన్న దుకాణాలు. విసనకర్రలు, బొమ్మలు, చెక్క చెప్పులు... తిరుపతిలోనో శ్రీశైలంలోనో గుడిముందు బజారులో నడుస్తున్నట్టే ఉంటుంది. 'కమినారి ఒకోషి' అని ఓ మిఠాయి అమ్ముతారు. పేలాల్లా పొంగించిన బియ్యాన్ని తీపి పాకంలో కలిపి, వేరుశెనగ పలుకులు వేసి ముక్కలు కోస్తారు. నోట్లో వేసుకోగానే మన మరమరాల ఉండ గుర్తుకురావడం ఖాయం.

వీధి చివర సెన్సోజీ ఆలయం. సుమిదా నదిలో వల వేసిన ఇద్దరు అన్నదమ్ములకు 628లో కన్నోన్ విగ్రహం దొరికిందనీ, అదే ఆలయానికి మూలమనీ స్థలపురాణం. కన్నోన్ అంటే మనకు తెలిసిన అవలోకితేశ్వరుడే. రెండో ప్రపంచయుద్ధంలో 1945 మార్చి 10న జరిగిన వైమానిక దాడిలో ప్రధాన మందిరం కాలిపోయింది. ఒక్క రాత్రిలో సుమారు లక్షమంది ప్రాణాలు తీసిన దాడి అది. 1958లో మందిరాన్ని మళ్లీ కట్టారు. అసాకుసా తీరే అంత. 1923 భూకంపానికి కూలింది, లేచింది. 1945లో కాలింది, లేచింది. లేచిన ప్రతిసారీ గుడితోపాటు నాటకశాలనూ నిలబెట్టుకుంది.

గుడికి పడమర వైపు ఉన్న 'రొక్కు' వీధి ఒకప్పుడు టోక్యో వినోదానికి రాజధాని. జపాన్‌లో మొట్టమొదటి శాశ్వత సినిమాహాలు 1903లో వెలిసింది ఇక్కడే. 12 అంతస్తుల 'రియోఉన్‌కకు' శిఖరం 1890లో లేచిందీ ఇక్కడే. ఆ శిఖరం 1923 భూకంపానికి దెబ్బతింటే కూల్చేశారు. టీవీ వచ్చాక సినిమాహాళ్లూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరివి 2012లో ఆగిపోయాయి. దేశానికి తొలి సినిమాహాలునిచ్చిన పేటలో సినిమాహాలు లేకుండాపోయింది! నదికి అవతల 634 మీటర్ల 'స్కైట్రీ' టవర్ తెరుచుకుందీ అదే ఏడాది. టీవీ ప్రసారాల కోసం కట్టిన టవరది. అసాకుసా వీధుల్లో నిలబడి తలెత్తితే అదే కనిపిస్తుంది.

అయినా రొక్కులో నవ్వు ఆగలేదు. తకేషి లిఫ్ట్ నడిపిన భవనం ఇంకా ఉంది. కింద 'అసాకుసా ఎంగేయ్ హాల్'. ఇక్కడ ముఖ్యంగా 'రకుగో' వినిపిస్తారు. ఓ కథకుడు దిండు మీద మోకాళ్లు మడిచి కూర్చుంటాడు. చేతిలో విసనకర్ర, ఓ చిన్న తువ్వాలు... అంతే. విసనకర్రే చాప్‌స్టిక్స్ అవుతుంది, కలం అవుతుంది, కత్తి అవుతుంది. అత్తగారూ ఆయనే, అల్లుడూ ఆయనే. కదలకుండానే ఊరంతా చూపిస్తాడు. కార్యక్రమాల జాబితా 10 రోజులకోసారి మారుతుంది. పై అంతస్తులోని 'తోయోకాన్'లో ఇద్దరేసి జంటగా చేసే హాస్య సంభాషణలు, గారడీ, మిమిక్రీ లాంటివి ఉంటాయి. భాష రాకపోయినా పర్లేదు. నవ్వు ఎక్కడ రాబోతోందో పక్కనున్న బామ్మగారి భుజాలు చెప్పేస్తాయి!

'నీ వల్ల కాదు' అన్నారు

కిన్-చాన్ 1941లో పుట్టింది ఈ చుట్టుపక్కలే. తండ్రి కెమెరాల వ్యాపారం దెబ్బతినడంతో ఇల్లు గడవడం కష్టమైంది. హైస్కూలు ముగియగానే తోయో థియేటర్లో హాస్యనటుడిగా చేరారు. చేరిన కొన్నాళ్లకే దర్శకుడు పిలిచి, ఈ పని నీ వల్ల కాదు, మానేయమన్నాడట. అప్పుడు ఓ పెద్ద నటుడు వెళ్లి, ఈ అబ్బాయిని ఉండనివ్వండని అడిగాడట. ప్రతిభ లేకపోయినా నీకోసం అడిగే మనిషి ఒకడున్నాడు కాబట్టి ఉండు అన్నాడట దర్శకుడు. తర్వాతి కాలంలో కిన్-చాన్ తరచూ చెప్పుకున్న కథ ఇది. దీన్ని గుర్తుపెట్టుకోండి. మన రైలు చివరి స్టేషన్లో దీంతో పనుంది.

1966లో ఆయన, జిరో సకగామి కలిసి 'కొంతో 55-గో' అనే జంటగా ఏర్పడ్డారు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకి పరుగులు పెడుతుంటే కెమెరాలు వాళ్ల వెంట పరుగెత్తాల్సి వచ్చేదట. తర్వాత కిన్-చాన్ ఒంటరిగా టీవీ కార్యక్రమాలు మొదలుపెట్టారు. 1975లో వచ్చిన ఒక కార్యక్రమానికి ముడిసరుకు ప్రేక్షకులు రాసి పంపిన పోస్టుకార్డులే! వాటిలోని హాస్యాన్ని చదివి, నటించి చూపేవారు. ఒక దశలో వారం మొత్తంలో ఆయన చేసే కార్యక్రమాల రేటింగులన్నీ కూడితే వంద దాటేవి. అందుకే 'నూరు శాతం మనిషి' అన్నారు.

అంత పేరొచ్చినా ఆయన చూపు మామూలు మనుషుల మీంచి పోలేదు. 2005లో ఔత్సాహికుల బేస్‌బాల్ జట్టును నడపడం మొదలుపెట్టారు. 2015లో, 73 ఏళ్ల వయసులో, కొమజవా విశ్వవిద్యాలయంలో బౌద్ధ అధ్యయనాల విద్యార్థిగా చేరి మనవళ్ల ఈడు పిల్లల పక్కన కూర్చున్నారు. కొత్తగా నేర్చుకునేవాడి తడబాటంటే ఆయనకంత ఇష్టం.

అసాకుసాబషి: అట్టలూ రంగులూ

రైలెక్కి రెండు స్టేషన్లు దాటితే అసాకుసాబషి. సంప్రదాయ బొమ్మలు, పూసలు, రంగు కాగితాలు, పండగ అలంకరణలు అమ్మే టోకు దుకాణాల పేట ఇది. మన బేగంబజారును కాస్త శుభ్రంగా, కాస్త నిశ్శబ్దంగా ఊహించుకోండి. చేతిపని ఇష్టమున్నవాళ్లు ఇక్కడ పర్సు జాగ్రత్తగా పట్టుకోవాలి!

'కసో తైషో'కి కావలసిన సరుకంతా ఇలాంటి దుకాణాల్లోనూ వంటింటి అలమారాలోనూ దొరికేదే. ఇందులో పాల్గొనేవాళ్లు బడిపిల్లలు, టీచర్లు, ఆఫీసు మిత్రులు, అమ్మానాన్నలతో కలిసొచ్చే బుడతలు. దేశంలో వేర్వేరు చోట్ల వడపోత పోటీలు పెట్టి బాగున్నవాటిని స్టూడియోకి పిలుస్తారు. పోటీదారు వేదిక మీదికొచ్చి తన నంబరు, అంశం పేరు గొంతెత్తి చెప్పాలి. తర్వాత ఉండేది నిమిషం అటూ ఇటూ. ఆ నిమిషం కోసం ఇంటి వసారాలోనో బడి వ్యాయామశాలలోనో రోజుల తరబడి కసరత్తు.

వేషమంటే రాజు, రాణి, రాక్షసుడు అనుకునేరు. ఇక్కడి వేషం వేరు. మనిషి మరో మనిషి కావడంలో విశేషమేముంది? మనిషి వస్తువు కావాలి, దృశ్యం కావాలి. ఒంటినిండా నల్లబట్టలు వేసుకుని అరచేతులకు మాత్రం రంగు పూసుకుంటే నల్లటి తెర ముందు చేతులొక్కటే తేలుతూ కనిపిస్తాయి. అవి చేపలు కావచ్చు, చినుకులు కావచ్చు. పాతికమంది వరసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు వంగితే అది సముద్రపు అల. అట్ట మీద వేసిన బొమ్మలో రంధ్రం చేసి బాబు ముఖం పెడితే వాడే బంతి. ఖరీదైనదేదీ ఉండదు. చూడగానే 'అరె, ఇది మనమూ చేయొచ్చే' అనిపిస్తుంది. కానీ ఆ ఆలోచన మనకు రాలేదు. అక్కడే ఉంది దాని గొప్పతనం.

నింగ్యోచో: ఒక్క బొమ్మ, ముగ్గురు మనుషులు

మరో రెండు స్టేషన్లు దాటితే నింగ్యోచో. పేరుకు అర్థం బొమ్మల పేట. టోక్యోను ఎడో అని పిలిచే రోజుల్లో కబుకీ నాటకశాలలు, తోలుబొమ్మల్లా కాక చేత్తో పట్టి ఆడించే బొమ్మలాటల శాలలు ఈ చుట్టుపక్కలే ఉండేవి. ఆ కళాకారులు, బొమ్మలు చేసేవాళ్లు ఇక్కడ నివసించేవారు. 1840ల్లో పాలకులు నాటకశాలల్ని నగరం నడిబొడ్డున ఉండనివ్వక అసాకుసా అంచుకు తరిమేశారు. అసాకుసా నవ్వుల పేట కావడానికి అదీ ఒక కారణం.

ఆ బొమ్మలాట పేరు 'బున్‌రాకు'. ఇప్పుడు దీనికి పెద్ద వేదిక ఒసాకాలోని జాతీయ బున్‌రాకు థియేటర్. ఒక్క బొమ్మను ముగ్గురు ఆడిస్తారు. ఒకరు తల, కుడిచేయి. ఒకరు ఎడమచేయి. ఒకరు కాళ్లు. కాళ్లు నేర్చుకోవడానికి పదేళ్లు, ఎడమచేతికి పదేళ్లు పడుతుందని వాళ్లలో ఓ మాట. ప్రధాన కళాకారుడి ముఖం మాత్రం చాలాసార్లు కనిపిస్తుంది. మిగతా ఇద్దరూ నల్లటి ముసుగులో ఉంటారు. ముగ్గురూ ప్రేక్షకుల కళ్లముందే ఉన్నా కాసేపటికి మన కళ్లు బొమ్మను తప్ప ఎవరినీ చూడవు. ఇరవై ఏళ్లపాటు కనిపించకుండా ఉండటమే వాళ్ల చదువు!

హిగాషి-గింజా: కనిపిస్తారు... కానీ లేరు

ఇంకాస్త ముందుకెళ్తే హిగాషి-గింజా. స్టేషన్ మీదే కబుకీజా. 1889లో మొదలైన ఈ నాటకశాలకు ఇప్పుడున్న భవనం 2013లో తెరుచుకుంది. కబుకీ నాటకం గంటల తరబడి సాగుతుంది. అంతసేపు కూర్చోలేనివాళ్ల కోసం ఒక్క అంకానికి మాత్రమే టికెట్ ఇచ్చే పద్ధతుంది. దాన్ని 'హితోమకుమి' అంటారు. సీట్లు నాలుగో అంతస్తులో. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది హాయి.

నాటకం నడుస్తుండగా నల్లబట్టలు, నల్ల ముసుగు వేసుకున్న మనుషులు వంగి వంగి వస్తారు. నటుడి చేతికి కత్తి అందిస్తారు, కిందపడ్డ వస్తువు తీసుకెళ్తారు, కర్రకు కట్టిన సీతాకోకచిలుకను ఎగరేస్తారు. వీళ్లను 'కురొగో' అంటారు. కబుకీలో నలుపు అంటే 'లేదు' అని అర్థం. నల్లబట్టలు వేసుకున్నవాడు అక్కడ లేనట్టే లెక్క. మంచు కురిసే సన్నివేశంలో అదే మనిషి తెల్లబట్టల్లో వస్తాడు, సముద్రం దగ్గర నీలం బట్టల్లో వస్తాడు. దాచేది తెర కాదు, ఒప్పందం. 'నేను లేననుకోండి' అని వాళ్లంటే 'సరే, లేవనుకుంటాం' అని ప్రేక్షకులంటారు.

'కసో తైషో' బృందాలకు ఈ ఒప్పందం పుట్టుకతో తెలుసు. 2003లో వచ్చిన 'పింగ్‌పాంగ్' దీనికి మేటి ఉదాహరణ. నల్లటి వేదిక మీద ఇద్దరు టేబుల్ టెన్నిస్ ఆడుతుంటారు. బంతి ఓ పుల్ల చివర ఉంటుంది. ఉన్నట్టుండి ఆటగాడు గాల్లోకి లేస్తాడు, పక్కకు వాలిపోతాడు. బల్ల గిర్రున తిరుగుతుంది. పైనుంచి చూస్తున్నట్టు, ఆటగాడి భుజం మీంచి చూస్తున్నట్టు దృశ్యం మారిపోతుంది. 1999 నాటి హాలీవుడ్ సినిమా 'ది మ్యాట్రిక్స్'లో అంతంత యంత్రాలతో చేసిన కనికట్టును వీళ్లు చేతులతో చేసేశారు. ఆటగాళ్లను మోసేది, బల్లను వంచేది, బంతిని నడిపేది నల్లబట్టల మిత్రులే. 2005లో యూట్యూబ్ పుట్టకముందే ఈ ముక్క 'మ్యాట్రిక్స్ పింగ్‌పాంగ్' పేరుతో దేశదేశాలు తిరిగింది. చూసినవాళ్లలో చాలామందికి అదే కార్యక్రమమో, ఎవరు చేశారో తెలియదు. నవ్వడానికి ఆ వివరాలు అడ్డురాలేదు.

షింబషి: పద్నాలుగు దగ్గర ఆగితే...

తర్వాతి స్టేషనే షింబషి. 1953లో జపాన్‌లో తొలి ప్రైవేటు టీవీ ప్రసారాలను నిప్పన్ టెలివిజన్ మొదలుపెట్టింది. అప్పట్లో ఇంట్లో టీవీ కొనగలిగేవాళ్లెందరు? అందుకని కూడళ్లలో టీవీలు పెట్టారు. రికిదోజన్ కుస్తీ పోటీలు వస్తుంటే షింబషి స్టేషన్ ముందు వేలమంది నిలబడి చూసేవారు. మన పల్లెల్లో పంచాయతీ టీవీ ముందు 'రామాయణం' చూసిన రోజులు గుర్తొస్తున్నాయా? ఆ సంస్థ కార్యాలయం ఇప్పుడు స్టేషన్ పక్కనే షియోదొమెలో ఉంది. దాని గోడకు హయావో మియజాకి రూపొందించిన పెద్ద గడియారం ఉంది. వేళకు వెళ్తే అందులోని బొమ్మలు కదులుతూ పనిచేయడం చూడొచ్చు. పిల్లలు అక్కడి నుంచి ఓ పట్టాన కదలరు.

'కసో తైషో' పుట్టింది ఈ సంస్థలోనే, 1979 డిసెంబరు 31 రాత్రి. అదే సమయానికి ప్రభుత్వరంగ ప్రసారసంస్థ ఎన్‌హెచ్‌కేలో 'కోహకు' పాటల పోటీ వస్తుంది. 1963లో 81.4 శాతం రేటింగ్ తెచ్చుకున్న మహావృక్షమది. దాని ఎదుట పేరున్న గాయకులెవరూ లేకుండా అట్టముక్కలతో వచ్చిన మామూలు జనాన్ని నిలబెట్టారు! తర్వాత తేదీ మారింది, కార్యక్రమం నిలిచింది. 2002 నుంచి కిన్-చాన్ పక్కన వ్యాఖ్యాతగా షింగో కతోరి చేరారు. అప్పుడాయన 'స్మాప్' బృందంలో కుర్రకారు మెచ్చిన గాయకుడు.

మార్కుల పద్ధతి చూడండి. న్యాయనిర్ణేతలు 10 మంది. ఒక్కొక్కరి చేతిలో 2 మార్కులు. మొత్తం 20. గట్టెక్కడానికి 15 రావాలి. ప్రదర్శన అవగానే పక్కనున్న స్తంభంలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతూ పైకి ఎగబాకుతాయి. పదమూడు... పద్నాలుగు... అక్కడ ఆగిపోతే? తోక పెట్టుకుని చేపలా నిలబడిన ఆరేళ్ల పాప పెదవి వణుకుతుంది. అప్పుడు కిన్-చాన్ కదులుతారు. పిల్లలు ఎంత కష్టపడ్డారో చెబుతారు, న్యాయనిర్ణేతల వైపు చూస్తారు, ఇంకో మార్కు పడదా అని బతిమాలతారు. చాలాసార్లు ఆఖరి దీపం వెలుగుతుంది. పాప ఎగిరి గంతేస్తుంది. ఇంట్లో చూస్తున్నవాళ్లు చప్పట్లు కొడతారు.

ఇది న్యాయమా అని ఎవరైనా అడగొచ్చు. బతిమాలితే మార్కులు పెరిగే పోటీ ఓ పోటీయేనా? నిజమే. అడిగేవాడు లేని బృందం పద్నాలుగు దగ్గరే ఇంటికి పోతుంది. కానీ తోయో థియేటర్లో తన కోసం అడిగిన పెద్ద నటుణ్ని కిన్-చాన్ మరిచిపోలేదని ఈ దృశ్యం చూస్తే తెలుస్తుంది. ఆయన దాపరికం లేకుండా అందరి ముందూ అడుగుతారు. ప్రతిభను కొలవడానికి పదిమంది ఉన్నారు, ధైర్యం ఇవ్వడానికి ఒకడైనా ఉండాలి కదా అన్నట్టు! ఆ ఒక్కడి కోసమే చాలా కుటుంబాలు ఆ కార్యక్రమానికి అతుక్కుపోయాయి.

జారిపడితే నవ్వా? నిలబడితే నవ్వా?

ప్రపంచానికి జపాన్ ఇచ్చిన టీవీ హాస్యంలో ఇంకో రకముంది. 1986లో అక్కడి టీబీఎస్ ఛానల్లో మొదలైన 'కతో-చాన్, కెన్-చాన్' కార్యక్రమంలో ప్రేక్షకులు పంపిన ఇంటి వీడియోలు చూపేవారు. దాని స్ఫూర్తితోనే అమెరికాలో 1989లో 'అమెరికాస్ ఫన్నియెస్ట్ హోమ్ వీడియోస్' వచ్చింది. పెళ్లికొడుకు కేకు మీద పడటం, బాబాయి ఊయల తెగడం... ఇప్పుడు మన ఫోన్లలో రోజూ చూసే వీడియోల్లో సగానికి మూలం అదే. అక్కడ మనిషి తెలియకుండా జారిపడతాడు, కెమెరా పట్టేస్తుంది, మనం నవ్వుతాం. 'తకేషీస్ క్యాజిల్'లో తెలిసే వెళ్లి జారిపడతాడు. 'కసో తైషో'లో జారిపడకుండా ఉండటానికి నెలంతా కష్టపడతాడు. మూడింట్లోనూ ఉన్నది మామూలు మనుషులే, మూడింటికీ మనం నవ్వుతాం. కానీ పండగపూట చుట్టాలందరి మధ్య మన పిల్లాడు ఏ నవ్వుకు కారణమైతే మనకు ఇష్టం? జవాబు ప్రతి అమ్మకీ తెలుసు.

ఈ విద్య మనకు కొత్తదేం కాదు. పగటివేషగాళ్లు ఇంటిముందుకొచ్చి నవ్వించిన ఊళ్లు మనవి. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఆటలో తెర మీద కనిపించేది రాముడు, వెనకుండి ఆడించేది ఓ కుటుంబం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటకాల్లో వేషం కట్టేదీ, తెర దించేదీ, తాళ్లు లాగి పాత్రల్ని గాల్లో తేల్చేదీ ఇంటివాళ్లే. తేడా ఒక్కటే. మనం తాళ్లు లాగేవాళ్లను తెర వెనక దాచాం. జపాన్‌వాళ్లు నల్లబట్టలు కట్టి తెర ముందే నిలబెట్టారు.

బడి వార్షికోత్సవంలో చెట్టు వేషం వేసిన మన బుడ్డోణ్ని తలుచుకోండి. కొమ్మలు కత్తిరించింది అమ్మ, జిగురు అంటించింది అక్క, స్కూటర్ మీద ఆ చెట్టును విరగకుండా తెచ్చింది నాన్న. స్టేజీ మీద మాత్రం చెట్టొక్కటే కనిపిస్తుంది. ఫొటోలోనూ అంతే.

'కసో తైషో'లో మార్కుల స్తంభం వెలిగే వేళకు నల్లబట్టలవాళ్లూ ముందుకొస్తారు. ముసుగులు పైకెత్తుకుని, చెమట పట్టిన ముఖాలతో చేప పక్కన, బంతి పక్కన వరసలో నిలబడతారు. అప్పటిదాకా లేనివాళ్లు ఒక్కసారిగా పదిమంది అవుతారు. కిన్-చాన్ మైకు పట్టుకుని వాళ్ల దగ్గరికీ వెళ్తారు.